ఆఖరి యూనిట్ ధర: కరెంటు బిల్లుకూ సోలార్ మీద ఆసక్తికీ మధ్య ఉన్న లెక్క

మే నెల కరెంటు బిల్లు చేతికి వచ్చిన రోజున చాలా ఇళ్లలో ఒకే తీరు చర్చ నడుస్తుంది. ఏసీ ఎవరు ఎంతసేపు వేశారన్న పంచాయితీ ముందు, డాబా మీద సోలార్ పెట్టిద్దామా అన్న ఆలోచన తర్వాత. ఆగస్టుకల్లా వానలు పడి బిల్లు దిగివచ్చేసరికి ఆ రెండూ మరుగున పడిపోతాయి. ఇంధనం ధర పెరిగితే పొదుపు గుర్తొస్తుందని, తగ్గితే మరపున పడుతుందని మనమంతా అనుకోవడానికి ఈ అనుభవమే ఆధారం. ఆ మాటలో నిజం ఉంది గానీ, అది సగం నిజమే. ధర పెరిగినా కదలనివాళ్లు ఎందుకు కదలరో, పైసా కట్టనక్కరలేని వాళ్లు కూడా ఒక్కోసారి ఎందుకు యూనిట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారో తెలియాలంటే, ఆ ధర బిల్లులో ఏ చోట తగులుతోంది, ఎవరికి తగులుతోంది, ఎన్నాళ్లు అలాగే ఉంటుందని జనం నమ్ముతున్నారు అన్న మూడు ప్రశ్నలను విడదీసి చూడాలి.

మొదటి ప్రశ్నకు మన బిల్లుల్లోనే జవాబు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన గృహ టారిఫ్‌లో ఆరు శ్లాబులున్నాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, అక్కడి నుంచి 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం, సర్దుబాటు చార్జీలు ప్రస్తుతానికి పక్కన పెడితే, నెలకు 120 యూనిట్లు కాల్చే ఇంటికి వచ్చే మొత్తం రూ.394.50, 400 యూనిట్లు కాల్చే ఇంటికి దాదాపు రూ.2,548. వాడకం మూడు రెట్ల పైచిలుకు, బిల్లు ఆరు రెట్ల పైచిలుకు. ఇప్పుడు ఈ రెండు ఇళ్ల మీదా సోలార్ పలకలు పెట్టి చూద్దాం. మన ప్రాంతపు ఎండకు ఒక కిలోవాట్ సామర్థ్యం రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్ల దాకా ఇస్తుంది. పెద్ద ఇంట్లో 2 కిలోవాట్లు పెడితే వచ్చే 240 యూనిట్లు బిల్లును పైనుంచి కోసుకుంటూ వస్తాయి: ముందు రూ.8.75 శ్లాబులోని 175 యూనిట్లు పోతాయి, తర్వాత రూ.6 శ్లాబులోని 65 పోతాయి, వెరసి నెలకు రూ.1,921 మిగులుతుంది. చిన్న ఇంట్లో ఒక కిలోవాట్ పెట్టి బిల్లు మొత్తాన్ని తుడిచేసినా మిగిలేది ఆ రూ.394.50 మాత్రమే.

ఎండ రెండు డాబాల మీదా ఒక్కటే, పలకలూ ఒక్కటే, అయినా కిలోవాట్‌కు వచ్చే ఆదా ఒకచోట రూ.960, మరోచోట రూ.394. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు రూ.30,000, రెండు కిలోవాట్లకు రూ.60,000, మూడు కిలోవాట్లు, ఆపైన ఉంటే రూ.78,000 రాయితీ వస్తుంది. ఆ రాయితీ పోగా పెద్ద ఇంటి యజమాని చేతి నుంచి రూ.70,000, చిన్న ఇంటి యజమాని చేతి నుంచి రూ.40,000 పడ్డాయనుకుంటే, మొదటివారి పెట్టుబడి మూడేళ్లలో తిరిగి వస్తుంది, రెండోవారిది ఎనిమిదేళ్లు దాటాక గానీ రాదు. ఎనిమిదేళ్ల తర్వాత వచ్చే డబ్బు కోసం ఇవాళ రూ.40,000 తీయగలిగిన ఇల్లు నెలకు 120 యూనిట్లతో సరిపెట్టుకునే ఇల్లు కావడం అరుదు. రూఫ్‌టాప్ సోలార్ మీద ఆసక్తి పర్యావరణ స్పృహను బట్టి వ్యాపిస్తుందనుకోవడం మర్యాద కోసం అనుకునే మాట; అది వ్యాపించేది ముందుగా శ్లాబుల వెంబడే. యూనిట్‌కు రూ.9, రూ.10 దాకా కట్టే దుకాణాలు, ఆసుపత్రులు, పెట్రోలు బంకుల కప్పులమీద ఆ పలకలు ఎందుకు కనబడుతుంటాయో కూడా ఈ లెక్కే చెబుతుంది.

పొదుపుకూ ఇదే సూత్రం. సాధారణ సీలింగ్ ఫ్యాను 75 వాట్ల వరకు తీసుకుంటే బ్రష్‌లు లేని మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల లోపు సరిపెట్టుకుంటుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు సుమారు 16 యూనిట్లు మిగులుతాయి. ఆ 16 యూనిట్లు రూ.4.50 శ్లాబులో మిగిలితే రూ.73, రూ.8.75 శ్లాబులో మిగిలితే రూ.142. రెండు ఫ్యాన్ల ధరలకు మధ్య రూ.1,500 తేడా ఉందనుకుంటే, అది ఒక ఇంట్లో పదకొండు నెలల్లో, మరో ఇంట్లో ఇరవై ఒక్క నెలల్లో తీరిపోతుంది. అయితే బిల్లు పెరిగిన మర్నాడే ఎవరూ తిరుగుతున్న ఫ్యాను విప్పి పక్కన పెట్టరు. పాతది కాలిపోయిన రోజున, కొట్టువాడు రెండూ చూపించినప్పుడు, గత రెండు మూడు వేసవుల బిల్లులు మనసులో మెదులుతాయి. ధర పెరిగిన నెలలో మనం చేయగలిగింది స్విచ్ ఆపడమే. ఆ ధర అసలు ప్రభావం ఫ్రిజ్, మోటారు, ఏసీ మార్చే సందర్భాల్లో, అయిదారేళ్ల వ్యవధిలో మెల్లగా బయటపడుతుంది. అందుకే టారిఫ్ పెంచిన ఏడాదే వాడకం తగ్గలేదు కాబట్టి ధరకు ప్రభావం లేదని తేల్చేయడం తొందరపాటు.

మరి ఆ ధర అసలు తగలవలసిన మనిషికి తగులుతోందా? హైదరాబాద్‌లో అద్దెకుండేవాళ్లను చూడండి. బిల్లు కట్టేది అద్దెకున్నవారు, ఫ్యాను బిగించేది, డాబా మీద హక్కున్నది ఇంటి యజమాని. యజమానికి కరెంటు ఆదా వల్ల వచ్చేది లేదు, అద్దెకున్నవారికి పదకొండు నెలల అగ్రిమెంటు దాటి లెక్కలు వేసుకునే ధైర్యం లేదు. కొన్నిచోట్ల సబ్‌మీటరు పెట్టి, శ్లాబుతో సంబంధం లేకుండా యూనిట్‌కు ఇంత అని యజమానే వసూలు చేసుకుంటాడు. అక్కడ టారిఫ్ ఉత్తర్వులో రాసిన ధర అద్దె వాటా గుమ్మం దాకా కూడా చేరదు.

ధర సున్నా అయినప్పుడు ఏం జరుగుతుందన్నది మరింత ఆసక్తికరం. తెలంగాణలో 2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తోంది. వాడకం 200 దాటితే మాత్రం ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. అక్కడి టారిఫ్ ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 చొప్పున, ఆపైన 300 వరకు రూ.7.70 చొప్పున పడుతుంది. అంటే 201 యూనిట్లకు విద్యుత్ చార్జీ రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయలన్నమాట! ఇలాంటి గీత రెండు విరుద్ధమైన పనులు చేస్తుంది. నెలకు 90 యూనిట్లు వాడే ఇంటికి పొదుపు చేయడానికి గానీ, సోలార్ గురించి వాకబు చేయడానికి గానీ ఏ కారణమూ మిగల్చదు. అదే 190 దగ్గర ఊగిసలాడే ఇంటిని మాత్రం నెలాఖరులో మీటరు అంకెల చుట్టూ తిప్పుతుంది. గీజరు ఆపించి, ఇస్త్రీ బట్టలు బయట వేయించి, రీడింగ్ తీసే అతను రెండు రోజులు ఆలస్యంగా వస్తాడేమోనని కంగారుపెడుతుంది. వాడకాన్ని పంచి తక్కువ ధర శ్లాబులో ఉండేందుకు ఒకే మేడలో వాటాకో మీటరు తీసుకునే అలవాటు శ్లాబుల కాలం నుంచీ ఉన్నదే. దాన్ని కూడా ధరకు జనం ఇచ్చిన జవాబుగానే లెక్కించాలి, కాకపోతే దానివల్ల ఒక్క యూనిట్ కూడా ఆదా కాదు.

వ్యవసాయ మోటార్ల కథ ఇంతకంటే పాతది, లోతైనది. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ సాగిన ప్రదర్శనపై హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత విద్యుత్తు ఫైలు మీదే. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ వెనక్కి వెళ్లలేదు. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి దాన్ని 24 గంటల సరఫరాగా మార్చింది. అంతగా గుర్తుండని సంగతి ఒకటుంది: 2005లో ఉచిత విద్యుత్తుకు నాలుగు షరతులు పెట్టారు. కరెంటు వృథాను తగ్గించే కెపాసిటర్ బిగించాలి, ఐఎస్ఐ మార్కు మోటారు ఉండాలి, రాపిడి తక్కువ ఉన్న ఫుట్‌వాల్వ్ వాడాలి, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ రకం ప్లాస్టిక్ పైపు వేయాలి. ధర చెప్పలేని మాటను నిబంధనతో చెప్పించాలన్న ప్రయత్నం అది. ఆ షరతులు చాలావరకు కాగితాల మీదే ఉండిపోయాయి.

దానికి రైతును తప్పుపట్టడం అన్యాయం. కొన్ని గంటలే, అదీ అర్ధరాత్రి వేళ కరెంటు వచ్చే రోజుల్లో రైతు ఆటో స్టార్టర్ పెట్టుకున్నాడంటే, పాము పుట్ర తిరిగే చీకట్లో పొలానికి వెళ్లే అవసరం లేకుండా ప్రాణం కాపాడుకోవడానికి. కరెంటు రాగానే మోటారు తనంతట తాను తిరగడం, మడి నిండి నీరు పొంగిపోయినా ఆగకపోవడం ఆ ఏర్పాటులోని లోపం. 24 గంటల సరఫరా వచ్చాక తెలంగాణ ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పవలసి వచ్చింది. ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. ఊరి లైను నుంచి ఉచితంగా వచ్చే కరెంటు ఉన్న రైతుకు సొంత వాటా కట్టి సోలార్ పంపు కొనుక్కోవలసిన పని లేదు. లైను పడని పొలం వాళ్లూ, కొత్త కనెక్షన్ కోసం ఏళ్లుగా ఎదురుచూసేవాళ్లూ దాని వైపు చూస్తారు. వాళ్లు లెక్క వేసేది యూనిట్ ధరతో కాదు, డీజిల్ ధరతో. పైగా ఒకసారి సోలార్ పంపు పెట్టాక ఎండ ఉన్నంతసేపు నీరు తోడటానికి అదనపు ఖర్చు ఉండదు కాబట్టి, అనంతపురం లాంటి చోట కరెంటు ఆదా అయినా భూగర్భ జలం ఆదా కాదు.

మూడో ప్రశ్న, ధర నిలుస్తుందన్న నమ్మకం. దీనికి అందరికంటే ఖరీదైన పాఠం నేర్చుకున్నది అమెరికా. 1973 అక్టోబరులో ఇజ్రాయెల్‌తో జరిగిన యుద్ధం తర్వాత అరబ్ దేశాలు చమురు ఆపడంతో కొన్ని నెలల్లో పీపా ధర సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దగ్గరకు చేరింది; 1979 ఇరాన్ విప్లవం తర్వాత 30 డాలర్లు దాటింది. ఆ ఏడాది జూన్‌లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ శ్వేతసౌధం కప్పు మీద నీళ్లు వేడిచేసే 32 సోలార్ పలకలు పెట్టించారు. ఇళ్లలో సోలార్ హీటర్లకు పన్ను రాయితీ ఉండేది, ఆ వ్యాపారం చుట్టూ వందలాది చిన్న కంపెనీలు పుట్టుకొచ్చాయి. 1985 చివర్లో రాయితీ ముగిసింది, 1986లో చమురు ధర కుప్పకూలి 10 డాలర్ల దరిదాపులకు వచ్చింది. కప్పు మరమ్మతు పేరిట అదే ఏడాది శ్వేతసౌధం మీది పలకలు దించేశారు, తిరిగి ఎక్కించలేదు. హీటర్ల కంపెనీల్లో చాలావాటికి అదే ఆఖరు.

డెన్మార్క్ అదే కాలంలో వేరే దారి పట్టింది. 1973 నాటికి ఆ దేశపు ఇంధనంలో 90 శాతం దాకా దిగుమతి చమురే. 1986లో ధర పడిపోయినప్పుడు అక్కడి ప్రభుత్వం ఇంధనం మీద పన్నులు పెంచి, చవకదనం వినియోగదారుడి దాకా చేరకుండా అడ్డుకట్ట వేసింది. గాలిమరల మీద, ఇళ్లకు చలి లోపలికి రాని గోడల మీద డబ్బు పెట్టినవాళ్ల లెక్క తారుమారు కాలేదు. ఇవాళ ఆ దేశపు విద్యుత్తులో సగానికి పైగా గాలి నుంచే వస్తోంది. మన దేశమూ ఆ చమురు దెబ్బల నుంచే 1981లో అదనపు ఇంధన వనరుల కమిషన్‌ను, 1982లో సంప్రదాయేతర ఇంధన శాఖను ఏర్పాటు చేసుకుంది; ఆంధ్రప్రదేశ్‌లో 1986లో సంప్రదాయేతర ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ పుట్టింది. సరిగ్గా చమురు చవకైన ఏడాది పుట్టిన సంస్థ అది.

ఇంతవరకు చమురు, కరెంటు ధరల గురించే మాట్లాడాం. పొదుపు పరికరాల ధర, పునరుత్పాదక ఇంధనం ధర కూడా కదులుతాయి, అదీ ఎక్కువగా కిందికే. 2014లో సర్కారు కొనుగోళ్లలో ఒక్కో ఎల్ఈడీ బల్బు రూ.310 పలికింది, ఎల్ఈడీ బల్బులు చవకగా పంచే కేంద్రం ఉజాలా పథకంలో టోకున కొనడం మొదలయ్యాక 2016కల్లా రూ.38కి దిగింది. ఆ చవకదనం వల్ల ఎవరూ ఉద్బోధించకుండానే ఇళ్లలో గుండ్రటి పసుపు బల్బు మాయమైంది. సోలార్‌దీ అదే ప్రయాణం: జాతీయ సోలార్ మిషన్ తొలి రోజుల్లో యూనిట్ రూ.10 పైన ఉన్నది, 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కుకు రూ.3.15, మే నెలలో రాజస్థాన్ భడ్లాకు రూ.2.44 అయింది. సంతోషించవలసిన ఈ కబురే ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద తగాదాకు దారితీసింది. అంతకుముందు యూనిట్ రూ.4.84 లాంటి ధరలకు పాతికేళ్ల కాలానికి రాసుకున్న పవన విద్యుత్ ఒప్పందాలు ఒక్కసారిగా మోయలేని బరువుగా కనిపించాయి. 2019 జులైలో కొత్త ప్రభుత్వం వాటిని సమీక్షించడానికి సిద్ధమైంది, కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి, వ్యాజ్యం నడుస్తుండగా గాలికి రూ.2.43, ఎండకు రూ.2.44 చొప్పున తాత్కాలికంగా చెల్లించారు. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం ఒప్పందపు ధరలే కట్టాలని తేల్చింది. పాత ధర ప్రజల మీద భారమన్న వాదనలో పస లేకపోలేదు. కానీ ముందుగా వచ్చినవాడు ఎక్కువ ధరకు పెట్టిన ప్లాంట్ల అనుభవం వల్లనే తర్వాతివాడి ధర తగ్గింది. చవక కాగానే పాత సంతకం చెల్లదంటే, కొత్తగా వచ్చేవాడు ఆ భయానికీ కొంత ధర కలుపుకునే వస్తాడు.

ఇక, ధర ఎంత పెరిగితే అంత మంచిదని వాదించేవాళ్లకు వంటింటి సంగతి గుర్తుచేయాలి. 2023లో గ్యాస్ బండ రూ.1,100 దాటినప్పుడు పల్లెల్లో చాలా ఇళ్లు చేసింది గ్యాస్ పొదుపే, కాకపోతే పొయ్యిలోకి మళ్లీ కట్టెలు వచ్చాయి. బండను టీ కాచుకోవడానికి, చుట్టాలు వచ్చినప్పటికి దాచుకుని, అన్నం మాత్రం పొగలో వండుకున్నారు. గణాంకాల్లో అది గ్యాస్ వాడకం తగ్గడం. ఆ ఇల్లాలి కళ్లకూ ఊపిరితిత్తులకూ అది వేరే లెక్క. లేక మానుకోవడాన్ని పొదుపు అని పిలవకూడదు.

ఉన్నవాళ్లు మానుకోరు, తప్పుకుంటారు. పాకిస్తాన్‌లో గత కొన్నేళ్లుగా కరెంటు చార్జీలు విపరీతంగా పెరిగేసరికి 2024 ఒక్క ఏడాదే సుమారు 17 గిగావాట్ల సోలార్ పలకలు దిగుమతి అయ్యాయి. ప్రభుత్వ ప్రణాళికతో పని లేకుండా, బిల్లు భారం తప్పించుకోవడానికి జనం చేసుకున్న ఏర్పాటు అది. దాని వెనకాలే వచ్చిన చిక్కు ఏమిటంటే, బాగా కట్టగలిగిన వినియోగదారులు గ్రిడ్ నుంచి కొనడం తగ్గించేస్తే, విద్యుత్ కేంద్రాలకు వాడినా వాడకపోయినా కట్టవలసిన స్థిర వ్యయం మిగిలినవాళ్ల మీద పడుతుంది. వాళ్ల చార్జీ పెరుగుతుంది, వాళ్లలో మరికొందరు తప్పుకుంటారు. మన డిస్కంలకు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలకు, ఈ భయం కొత్తది కాదు. రైతు మోటారుకూ చిన్న ఇంటికీ తక్కువకు ఇవ్వడం వల్ల వచ్చే లోటులో ప్రభుత్వ సబ్సిడీ పోగా మిగిలింది పూడ్చేది పరిశ్రమ, దుకాణం, పెద్ద ఇల్లు. సొంత సోలార్ వైపు ముందుగా వెళ్లేదీ వాళ్లే. ఓపెన్ యాక్సెస్‌లో, అంటే డిస్కంను కాదని దాని తీగల మీదుగానే, బయట కరెంటు కొనుక్కునే కంపెనీల మీద ఆ లోటు పూడ్చేందుకు క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ ఎందుకు ఉంటుందో, డాబా సోలార్ గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లను బిల్లులో తగ్గించే నెట్ మీటరింగ్ దరఖాస్తుల మీద కొన్నిచోట్ల ఎందుకంత నిరాసక్తత కనబడుతుందో దీన్ని బట్టి ఊహించవచ్చు.

ఇప్పుడు ధరకు మరో పార్శ్వం తోడవుతోంది, అది వేళ. సోలార్ పెరిగేకొద్దీ డిస్కంలు కరెంటు కొని అమ్ముకునే పవర్ ఎక్స్ఛేంజీలో మధ్యాహ్నపు ధర పడిపోతోంది, పొద్దుగూకాక డిమాండు ఉన్న రోజుల్లో యూనిట్‌కు గరిష్ఠ పరిమితి అయిన రూ.10ని తాకుతోంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు కట్టింది ఈ తేడా మీద ఆధారపడే. పగలు చవక కరెంటుతో నీటిని పై జలాశయంలోకి ఎక్కిస్తారు, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఎక్కించడానికి వాడినదాంట్లో ఇరవై, పాతిక శాతం దాకా పోతుంది. అయినా రెండు వేళల ధరల తేడా ఆ నష్టాన్ని మించితే గిట్టుబాటే. కేంద్రం 2023 జూన్‌లో సవరించిన నిబంధనలు ఇదే తేడాను వినియోగదారుల బిల్లులోకీ తెమ్మంటున్నాయి: ఎండ వేళ కనీసం 20 శాతం తక్కువ, పీక్ వేళ ఎక్కువ. వ్యవసాయాన్ని మినహాయించారు. ఇళ్ల విషయంలో అది వేళవారీగా వాడకం నమోదు చేసే స్మార్ట్ మీటరు బిగించాక అమలయ్యే సంగతి, ఆ మీటర్ల మీద జనంలో ఉన్న అనుమానాలు వేరే పెద్ద కథ. అందాకా, ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు మధ్యాహ్నం ఒంటిగంటకు వేసినా, ఊరంతా లైట్లూ ఏసీలూ వేసుకున్న రాత్రి ఎనిమిదింటికి వేసినా ఇంటి బిల్లులో పడేది ఒకే ధర. పిన్నాపురంలో నీళ్లు ఎక్కించేవాళ్లకు మాత్రం ఆ రెండు గంటలూ ఒకటి కావు.